మునిగే గడి ఎవరిది? ‘సివిలైజేషన్’ ఆటల్లో వాతావరణం, చాకిరీ, కులం

ఆటల మీద వ్యాసమేంటి, మనకి వేరే పనుల్లేవా అని అడిగే మిత్రులుంటారు. సినిమాల గురించి గంభీరంగా రాసినప్పుడు కూడా ఒకప్పుడు ఇదే మాట విన్నాం. అందుకని ఈ వ్యాసం ఎక్కడ మొదలయిందో ముందే చెప్పేస్తాను.

మా దగ్గర ఎం.ఏ. చదివే కుర్రాడొకడు కంప్యూటర్ మీద పాత ఆటొకటి ఆడుతుంటే పక్కన కూచుని చూశాను. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుకుంటూ పైకొచ్చినవాడు. తెర మీద ఒక పట్టిక తెరిచాడు. అందులో ‘కాస్ట్ సిస్టమ్’ అని రాసున్న చోట నొక్కాడు. “అదేంటి తమ్ముడూ, దాన్నే ఎంచుకున్నావ్?” అన్నాను. “ఇప్పుడు అదే లాభం సార్” అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే. కాసేపటికి ఏమన్నాడో తనకే తట్టినట్టుంది, నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వాడికీ నచ్చలేదనే అనుకుంటాను.

సినిమాలో దొర కూలివాణ్ణి కొడితే చూసేవాడికి కోపం రావచ్చు. చూసేవాడు కూలి పక్షాన నిలబడనూ వచ్చు. ఆటలో ఆ వీలు తక్కువ. దొర కుర్చీలో కూచునేది ఆడేవాడే. ఏం చేస్తే లాభమో, ఏం చేస్తే నష్టమో, ఏం చేసినా ఎవరూ అడగనిదేదో నియమం ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆడేకొద్దీ ఆ నియమం గాలిలాగా, వానలాగా సహజమైపోతుంది. ఆట భావజాలం దాని బొమ్మల్లో కంటే దాని లెక్కల్లో ఎక్కువ దాక్కుని ఉంటుంది. కాబట్టి మనం లెక్కలే చూద్దాం. వాతావరణ మార్పుని ఈ ఆటలు ఎట్లా లెక్కేశాయి, ఆ లెక్కలో ఎవరు కనబడతారు, ఎవరు మాయమవుతారు అన్నది ఇక్కడ నా ప్రశ్న.

1. భూగోళం లెక్కలోకి వచ్చిన తీరు

ఆడనివాళ్ళ కోసం రెండు మాటలు. సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి తయారుచేసిన ‘సివిలైజేషన్’ 1991లో అమెరికాలో వచ్చింది. ఆడేవాడు ఒక జాతికి అధినేత. క్రీ.పూ. 4000లో గుప్పెడు జనంతో మొదలుపెట్టి, ఊళ్ళు కట్టి, అడవి కొట్టి, గనులు తవ్వి, పక్కవాడితో యుద్ధం చేసి, అంతరిక్షం దాకా పోవాలి. లోకమంతా చదరంగం బల్లలాగా గడులు గడులుగా ఉంటుంది. ఒక్కో గడి ఇంత తిండి, ఇంత ఉత్పత్తి, ఇంత డబ్బు ఇస్తుంది. గడులు ఎక్కువున్నవాడు బలవంతుడు.

ఆ మొదటి ఆటలోనే కాలుష్యం ఉంది. ఫ్యాక్టరీలు పెరిగి, ఊరు పెరిగితే చుట్టుపక్కల ఏదో ఒక గడి చెడిపోతుంది. అట్లాంటి గడులు లోకంలో మరీ ఎక్కువై, ఎవరూ బాగు చెయ్యకపోతే భూమి వేడెక్కుతుంది. పచ్చని గడులు కొన్ని ఎడారులవుతాయి, కొన్ని చిత్తడి నేలలవుతాయి. 1991లో ఒక వినోద వస్తువు ఈ మాట చెప్పిందంటే చిన్న విషయం కాదు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడిక సంతకాలకి వచ్చింది ఆ మరుసటి ఏడు, 1992లో, రియో సభలో.

తరవాత ఈ లెక్క ఎన్నో మలుపులు తిరిగింది. 1999లో వచ్చిన ‘ఆల్ఫా సెంటారీ’లో సముద్ర మట్టం పెరుగుతుంది. దాన్ని పెంచాలా తగ్గించాలా అని నాయకులు సభలో ఓట్లు కూడా వేసుకుంటారు. 2005 నాటి నాలుగో ‘సివిలైజేషన్’లో భూమి వేడెక్కడం మొదట్లో అణుబాంబుల లెక్క మీద నడిచింది. 2010 నాటి అయిదో దాంట్లో ఆ విషయమే ఎత్తెయ్యబడింది. ఆరో ఆటకి 2019 ఫిబ్రవరిలో ‘గేదరింగ్ స్టార్మ్’ అనే అనుబంధం వచ్చాక లెక్క గట్టిపడింది. బొగ్గు, చమురు మండించే ప్రతి విద్యుత్ కేంద్రం, వాటితో నడిచే ప్రతి ఓడా, ప్రతి ట్యాంకూ ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో లెక్క ఉంటుంది. అడవులు కొట్టినదానికీ లెక్క ఉంటుంది. ఆ మొత్తం పెరిగేకొద్దీ వాతావరణం ఏడు దశలుగా మారుతుంది. ధ్రువాల మంచు కరుగుతుంది, తుపాన్లు, వరదలు ఎక్కువవుతాయి. తీరం వెంబడి పల్లపు గడులు ఒక మీటరువి, రెండు మీటర్లవి, మూడు మీటర్లవి అని మూడు రకాలు. అవి వరసగా మొదట ముంపుకి గురై, తరవాత శాశ్వతంగా నీళ్ళలో కలిసిపోతాయి.

ఒక మంచి సంగతి ఒప్పుకుని తీరాలి. ఈ ఆటలో వాతావరణ నివేదిక తెర ఒకటుంది. ఏ దేశం ఇప్పటిదాకా ఎంత పొగ వదిలిందో పేరుపేరునా చూపిస్తుంది. ‘మానవాళి చేసిన తప్పు’ అని అందరి నెత్తినా సమానంగా రుద్దెయ్యదు. మన పత్రికల సంపాదకీయాల్లో కూడా ఈ పాటి నిజాయితీ రోజూ దొరకదు. ఇదేమీ రాజకీయ ప్రకటన కాదు, ఇవాళ్టి శాస్త్రాన్ని ఆటలో చూపించామంతే అని తయారుచేసినవాళ్ళు అప్పట్లో చెప్పుకున్నారు. ఏది రాజకీయం, ఏది కాదు అన్నది కూడా రాజకీయమే గదా!

అయితే ఈ నివేదిక దేశం దగ్గర ఆగిపోతుంది. దేశం లోపల ఎవడి చిమ్నీ, ఎవడి ఊపిరితిత్తులు అనే ప్రశ్న ఆటలో లేదు. అక్కడి నుంచి మన పని మొదలవుతుంది.

2. ఊడ్చేవాడి పేరేంటి?

చెడిన గడిని బాగు చేసేదెవరు? 1991 ఆటలో ఆ పని ‘సెట్లర్స్’ది. మూడో ఆట నాటికి, అంటే 2001కి, ఆ పని ‘వర్కర్’ చేతికొచ్చింది. అధినేత హుకుం ఇస్తాడు, వర్కర్ ఆ గడిలోకి వెళ్ళి కొన్ని వంతులు పనిచేస్తాడు, మురికి మాయమవుతుంది. ఆ మురికిలో దిగినందుకు అతనికి ఏమైనా అవుతుందా? ఏమీ కాదు. జబ్బు రాదు, చావు రాదు, కోపం రాదు. విషంలో ముంచినా పనిముట్టు పనిముట్టులాగే ఉంటుంది.

మూడో ఆటలో ఇంకో నియమం ఉంది. పరాయి దేశపు వర్కర్లని చెరపట్టి తెచ్చుకోవచ్చు. వాళ్ళు సగం వేగంతో పనిచేస్తారు, కానీ వాళ్ళ పోషణకి ఖజానా నుంచి ఒక్క పైసా పోదు. ఆట బాగా తెలిసినవాళ్ళు ఇట్లాంటివాళ్ళని గుంపులుగా పోగేసి మురికి గడుల మీదికి తోలుతారు. వెట్టి అంటే ఏంటో మనకి నిఘంటువు చూడాల్సిన పనిలేదు.

2016 నాటి ఆరో ఆటలో ‘బిల్డర్’ వచ్చాడు. అతనికి మూడు పనులు చేసే శక్తి ఉంటుంది. పొలం వేస్తాడు, గని తవ్వుతాడు, ఇంకోటేదో కడతాడు. మూడోది ముగియగానే తెర మీంచి మాయమైపోతాడు. చచ్చిపోయాడా, ఇంటికి పోయాడా? ఆటకి అక్కర్లేదు. ‘సర్ఫ్‌డమ్’ అనే విధానం పెట్టుకుంటే కొత్తగా వచ్చే బిల్డర్ మూడుకి బదులు అయిదు పనులు చేసి మాయమవుతాడు. అర్ధబానిసత్వం పెడితే మనిషి నుంచి రెండు పనులు అదనంగా పిండుకోవచ్చని ఇంత సూటిగా చెప్పిన అర్థశాస్త్ర పాఠం నేను వేరే చూళ్ళేదు. దాన్ని తప్పని మాత్రం ఆట అనదు.

ఇది మన అనుభవం పక్కన పెట్టి చూడండి. ఈ దేశంలో పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగు కాలవల్లో దిగి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చెయ్యమంది. అంటే చట్టాలొచ్చాక కూడా మ్యాన్‌హోళ్ళలో మనుషులు చనిపోతూనే ఉన్నారు, పరిహారం రేటు కోర్టులు సవరిస్తూనే ఉన్నాయి. ఆ చనిపోయేవాళ్ళ కులమేంటో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు. ‘బాగుచెయ్యి’ అన్న ఒక్క మీట వెనక ఇంత చరిత్ర ఉంది. ఆట ఆ మీటనే ఇచ్చింది, చరిత్రని కాదు.

ఇక్కడ ఒక మాట గురించి ఆగి ఆలోచించాలి. ఆట వాడే మాట ‘పొల్యూషన్’. ఇంగ్లీషులో సమాజశాస్త్రం రాసేవాళ్ళు మన మైలకీ అంటుకీ కూడా అదే మాట వాడతారు. మనకి తెలుగులో రెండు వేరువేరు మాటలున్నాయి. నీళ్ళు చెడితే కాలుష్యం. మనిషి ‘చెడ్డవాడ’యితే మైల. కానీ నిత్య జీవితంలో ఈ రెండూ ఒకదాన్నొకటి మోస్తాయి. ఎవర్ని మైల అన్నారో వాళ్ళ పేటలోకే కాలుష్యం పారుతుంది. కాలుష్యాన్ని ఎత్తిపొయ్యడం ఎవరి పనో వాళ్ళనే మైల అంటారు. కారంచేడు గుర్తుచేసుకోండి. 1985 జులైలో ఆ దాడికి ముందు జరిగిందేంటి? మాదిగపల్లె జనం తాగే చెరువు దగ్గర పశువుల కుడితి బక్కెట్లు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే అడ్డం చెప్పారు. తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు జులై 17న మనుషుల్ని వెంటాడి నరికారు. పర్యావరణ ఉద్యమ చరిత్రలు రాసేవాళ్ళు ఈ ఘటనని తమ పుస్తకాల్లోకి ఎందుకు తీసుకోలేదో నాకిప్పటికీ అర్థం కాదు. నీటి కాలుష్యం మీద ఇంతకన్నా సూటి పోరాటం ఏముంది?

3. పక్కపక్కనే రెండు నిలువు వరసలు

ఇప్పుడు మా కుర్రాడు ‘లాభం’ అన్న చోటికొద్దాం. వాడు ఆడుతున్నది 2005 నాటి నాలుగో ఆట. అందులో పాలనా పద్ధతుల తెర ఒకటుంది. ప్రభుత్వం, న్యాయం, శ్రమ, ఆర్థికం, మతం అని అయిదు వరసలు. ఒక్కో వరసలో అయిదేసి పద్ధతులు. శ్రమ వరసలో ఉన్నవి గిరిజన పద్ధతి, బానిసత్వం, అర్ధబానిసత్వం, కుల వ్యవస్థ, విమోచన. దాని పక్కనే ఆర్థిక వరస. అందులో చివరిది పర్యావరణవాదం. ప్రతి వరస నుంచీ ఒకటి ఎంచుకోవాలి. ఏ వరసకీ ఇంకో వరసతో పేచీ లేదు. అంటే కుల వ్యవస్థనీ పర్యావరణవాదాన్నీ కలిపి ఒకేసారి నడపొచ్చు. ఆట ఏమీ అనదు. ఊళ్ళో ఆరోగ్యం పెరుగుతుంది, అడవిని చూసి జనం సంతోషిస్తారు. అగ్రహారం కూడా పచ్చగానే ఉండేది మరి!

కుల వ్యవస్థ పెట్టుకుంటే ఏమొస్తుంది? మామూలుగా ఊళ్ళో పండితుణ్ణి కూచోబెట్టాలంటే గ్రంథాలయం కట్టాలి. వర్తకుణ్ణి పెట్టాలంటే బజారు కట్టాలి. కుల వ్యవస్థలో అవేవీ అక్కర్లేదు. పండితులు, వర్తకులు, కళాకారులు ఎంతమంది కావాలంటే అంతమంది. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని వ్యవస్థ ఆట దగ్గరికొచ్చేసరికి బడి లేకుండానే పండితుల్ని పుట్టించే వరమైపోయింది. చదువుకున్నవాళ్ళు తయారుచేసిన ఆట ఇది. వాళ్ళలో ఎవరికీ ఇది తలకిందులుగా ఉందని తోచలేదా?

అయితే నియమం ఒక్కోసారి రాసినవాడికి తెలియకుండా నిజం కక్కేస్తుంది. ఆటలో ప్రతి మనిషీ వంతుకి రెండు పాళ్ళ తిండి తింటాడు. పొలం గడి మీద పనిచేసేవాడు తిండి తెస్తాడు. పండితుడుగా కూచోబెట్టినవాడు పొలంలో దిగడు, తన రెండు పాళ్ళు మాత్రం తింటాడు. అది వేరే గడుల మీది మనుషులు పండించి పెట్టాలి. పండితులు ఎక్కువైతే ఊరు ఆకలితో చిక్కిపోతుంది. కులం అంటే ఎవరి కష్టం మీద ఎవరు కూచుని తినడమో ఆ లెక్కలో ఉంది. తెర మీద మాత్రం దాన్ని ‘ప్రగతి’ అంటారు.

ఇంకో సంగతి. కుల వ్యవస్థ ఎప్పుడు దొరుకుతుంది? ‘కోడ్ ఆఫ్ లాస్’ అనే విద్య నేర్చుకున్నాక. కులం ధర్మశాస్త్రంతో పాటే వస్తుందని ఆట తెలిసో తెలీకో ఒప్పుకుంది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతిని ఎందుకు తగలబెట్టాల్సి వచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. కానీ ఆ ఒప్పుకోలు అక్కడితో సరి. ఆటలో ఏడు మతాలున్నాయి, హిందూమతం అందులో ఒకటి. ఏడింటి ప్రభావమూ ఒకటే. కులానికి ఏ మతంతోనూ లంకె లేదు. ఇంగ్లండ్ రాణి అయినా, మాలీ రాజయినా కులం మీట నొక్కుకోవచ్చు, రేపు వద్దనుకుంటే తీసెయ్యొచ్చు. పుట్టుక ద్వారా అంటుకుని చచ్చినా వదలనిదాన్ని ఆట చొక్కా మార్చినంత తేలిక చేసింది.

కులాన్ని శ్రమ వరసలో పెట్టడంలోనే అసలు మోసం ఉంది. కులం అంటే పనుల్ని పంచుకునే పద్ధతి అని వాదించేవాళ్ళు అంబేద్కర్ కాలంలోనూ ఉన్నారు. కులం పనిని విడగొట్టడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొడుతుందని ఆయన 1936లోనే తేల్చి చెప్పాడు. ఆట దగ్గర ఆ మెట్లు లేవు. పండితుడూ రైతూ ఒకే రకం బొమ్మ. అధినేత ఇవాళ ఇతన్ని పొలం నుంచి తీసి పండితుణ్ణి చేస్తాడు, రేపు తిరిగి పొలానికి పంపిస్తాడు. ఎవరికీ అభ్యంతరం లేదు. మెట్లు తీసేశాక మిగిలింది కులమెట్లా అవుతుంది? అది కులం పేరు పెట్టుకున్న యాజమాన్య పద్ధతి మాత్రమే.

ఇక తిరుగుబాటు సంగతి. బానిసలు గానీ, కులం కింద నలిగినవాళ్ళు గానీ తమంతట తాము ‘మాకిది వద్దు’ అనే నియమం ఈ వరసలో లేదు. పక్క దేశాల్లో విమోచన వచ్చాక మాత్రమే, దాన్ని చూసి మన ఊళ్ళో జనం అసంతృప్తి పడతారు. విమోచన ‘డెమోక్రసీ’ అనే విద్యతో వస్తుంది, విదేశాల నుంచి అంటుకొస్తుంది. 1873లో ఫూలే సత్యశోధక సమాజం పెట్టింది ఏ పక్క దేశాన్ని చూసి అసూయపడి? మహాడ్ చెరువు నీళ్ళు తాగడానికి వేలమంది కదిలింది దేన్ని చూసి? కింది జనానికి సొంత బుద్ధి ఉంటుందన్న ఊహే నియమంలో లేదు. ఇదే ఆట భారతదేశానికి 1991 నుంచి 2016 దాకా వరసగా ఆరు ప్రధాన భాగాల్లోనూ గాంధీని నాయకుడుగా పెట్టింది. ఆశ్చర్యపోవాల్సిందేముంది?

4. పల్లపు నేల ఎవరు పంచారు?

మునిగే గడుల దగ్గరికి తిరిగొద్దాం. 2019 అనుబంధంలో ఏ గడి ఒక మీటరు పల్లం, ఏది మూడు మీటర్ల పల్లం అన్నది పటం తయారైనప్పుడే యంత్రం నిర్ణయిస్తుంది. అధినేతకి రక్షణ ఉంది. ‘ఫ్లడ్ బ్యారియర్’ అనే గట్టు కట్టుకోవచ్చు. పల్లపు గడులు ఎక్కువున్న ఊరికి ఖర్చెక్కువ, సముద్రం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అంటే గట్టు ఎవడికి ఎక్కువ అవసరమో వాడికే అది ఎక్కువ ఖరీదు. ఈ ఒక్క నియమం నిజానికి చాలా దగ్గరగా ఉంది.

కానీ గట్టు కడితే ఊరి పల్లపు గడులన్నిటికీ ఒకే రక్షణ. మునిగితే గడిలో ఉన్నవాళ్ళందరికీ ఒకే ముంపు. గడి లోపల మెరకా పల్లం లేవు. మన ఊళ్ళు అట్లా ఉన్నాయా? ఊరు మెరక మీద, వాడ పల్లంలో. చెరువు పొంగితే, కాలవ తెగితే ముందు ఎవరి గడపలోకి నీళ్ళొస్తాయో చిన్నపిల్లవాణ్ణడిగినా చెప్తాడు. ఊరి మురుగు ఎటు పారుతుందో కూడా చెప్తాడు. ఈ పల్లం ఏ యంత్రమూ పాచికలేసి పంచింది కాదు. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో శాసించినవాళ్ళు పంచింది.

1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్ళు సుమారు 10 వేలు. అల ఒకటే. కానీ డాబా మీదికెక్కే వీలున్నవాడూ తాటాకు గుడిసె వెన్నుగాడి పట్టుకున్నవాడూ ఆ రాత్రి ఒకే గడిలో లేరు. 2004 డిసెంబర్ సునామీ తరవాత తమిళనాడు తీరంలో దళితుల్ని శిబిరాల నుంచి వెళ్ళగొట్టడం, సాయం పంచడంలో పక్కన పెట్టడం హక్కుల సంఘాలు నమోదు చేశాయి. శవాలెత్తే పనికి వేరే పట్టణాల నుంచి పారిశుధ్య కార్మికుల్ని తెచ్చారు. సముద్రానికి కులం లేదు, నిజమే. సముద్రం వెనక్కి పోయాక మిగిలిన నేల మీద కులం ఉంది.

1901 నుంచి 2018 దాకా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం 2021లో లెక్క చెప్పింది. ఆట మీటర్లలో మాట్లాడుతుంది. ఆటకి వేగం కావాలి కాబట్టి అది తప్పుగా అనను. నేననేది వేరు. నేల ఎత్తుని మూడు తరగతులుగా విడదీసి చూపే ఓపిక ఉన్నవాళ్ళకి, ఆ నేల మీది మనుషుల ఎత్తుపల్లాలు చూపే ఓపిక ఎందుకు లేకపోయింది?

5. కొన్ని అభ్యంతరాలు

“ఆటన్నాక కొంత వదిలెయ్యాలి, అన్నీ పెడితే ఎవడాడతాడు?” అంటారు. నిజమే, ఏ పటమైనా కొంత వదిలేస్తుంది. కానీ ఏది వదిలెయ్యాలో ఎవరు తేలుస్తారు? గుర్రానికీ ఏనుగుకీ తేడా పెట్టారు. బొగ్గు పొగకీ చమురు పొగకీ తేడా పెట్టారు. అలవాటుగా వదిలేసేది ఎప్పుడూ ఒక వైపు మనుషుల్నే అయితే దాన్ని సౌలభ్యం అనలేం.

“అమెరికా వాడి ఆటలో కులం వెతకడమేంటి?” అంటారు. కులాన్ని అందులో పెట్టింది నేను కాదు, వాళ్ళే. పెట్టినవాళ్ళు జవాబు కూడా చెప్పాలి.

ఇట్లా జవాబు అడిగినవాళ్ళు మనకంటే ముందున్నారు. 2018 జనవరిలో, కెనడా మూలవాసులైన క్రీ ప్రజల నాయకుడు పౌండ్‌మేకర్‌ని ఈ ఆటలో ఒక అధినేతగా పెడుతున్నామని ప్రకటించారు. గౌరవించామనే అనుకున్నారు. పౌండ్‌మేకర్ క్రీ నేషన్ పెద్దల్లో ఒకరైన మిల్టన్ టూటూసిస్ దాన్ని విమర్శించాడు. ఇతరుల్ని జయించి భూములు గుంజుకోవడమే మా వాళ్ళ విలువ కూడా అన్నట్టు చూపిస్తే, వలసవాదుల కట్టుకథని మా నెత్తిన పెట్టినట్టే అన్నాడు. ఆ విమర్శ మనకి పాఠం. రేపు ఎవరో అంబేద్కర్ బొమ్మని కూడా ఆ తెర మీద పెట్టొచ్చు. నియమాలు మారకుండా బొమ్మ మారితే మనం సంబరపడాలా?

“పోనీ, కింది జనం ఎదురుతిరిగే నియమం సాధ్యమేనా?” అనే వాళ్ళకి 2018లో పోలండ్ నుంచి వచ్చిన ‘ఫ్రాస్ట్‌పంక్’ జవాబు. అది అతిశీతలం కమ్ముకున్న లోకం. ఒకే బాయిలర్ చుట్టూ ఒక ఊరు. పిల్లల్ని పనిలో పెట్టే చట్టం చెయ్యొచ్చు, రంపపు పొట్టు కలిపి గంజి పొయ్యొచ్చు. కానీ జనానికి ఆశ, అసంతృప్తి అని రెండు కొలతలున్నాయి. అసంతృప్తి హద్దు దాటితే నాయకుణ్ణే గెంటేస్తారు. అందులో ఒక కథలో, ప్రభువుల కోసం కట్టిన ఊరిని పేద కాందిశీకులు ముందే ఆక్రమించుకుంటారు. తరవాత చలిలో వణుకుతూ ఆ ప్రభువులే వచ్చి తలుపు దగ్గర నిలబడతారు. ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఏ షరతు మీద రానివ్వాలి? వర్గం అనేది నియమంగా రాయొచ్చని ఆ ఆట చూపించింది. కాబట్టి కులాన్నీ రాయొచ్చు. సాంకేతికంగా అడ్డేమీ లేదు.

ఇందులో ప్రమాదం ఉంది, దాచను. అంటరానితనాన్ని నియమంగా పెడితే అగ్రకులపు కుర్రాడు సరదాగా దాన్ని ‘ఆడుకునే’ వస్తువవుతుందేమో. మన బాధ ఇంకొకడికి ఎత్తుగడ కాకూడదు. అందుకే కుర్చీ మార్చాలంటాను. అధినేత కుర్చీలోంచి చూస్తే ఎప్పుడూ గడులే కనిపిస్తాయి. అదే ఆటని వాడ చివర ఇంట్లోంచి మొదలుపెడితే? చేతిలో సైన్యం లేదు, ఖజానా లేదు. చెరువు గట్టెక్కడ తెగుతుందో తెలుసు, ఎవరి పడవ ముందు వస్తుందో తెలుసు, ఎవరితో కలిస్తే నిలబడగలమో తెలుసు. అది కూడా ఎత్తుగడే. మన పెద్దలు బతికింది ఆ ఎత్తుగడల మీదే.

6. చివరగా, ఉపాధ్యాయులకి ఒక పని

ఈ ఆటల్ని తగలబెట్టమని నేననను. మన పిల్లలు ఆడతారు, ఆడనివ్వాలి. సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న మన పిల్లలు ఇవాళ తక్కువేం లేరు. వాళ్ళలో కొందరు ఎప్పటికైనా నియమాలు రాసే చోటికి వెళ్తారు. ఆ లోపు మనం చెయ్యగలిగినదొకటుంది. దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

తరగతిలో గళ్ళ కాగితం పంచండి. ఎవరి ఊరి పటం వాళ్ళని గియ్యమనండి. చెరువు, కాలవ, గుడి, బడి, శ్మశానాలు, చెత్త దిబ్బ, ఊరు, వాడ అన్నీ పెట్టమనండి. ఏ గడి మెరక, ఏది పల్లం అని అంకెలు వెయ్యమనండి. తరవాత నీళ్ళు ఒక మెట్టు పెంచండి. మునిగిన గడుల్ని నీలం రంగుతో నింపమనండి. ఇంకో మెట్టు పెంచండి. అప్పుడు మూడే ప్రశ్నలడగండి. ముందు మునిగిందెవరు? వాళ్ళని అక్కడ ఎవరు పెట్టారు? నీళ్ళు తీశాక బురద ఎత్తేదెవరు?

మా కుర్రాడి చేత ఈ పని చేయించాను. తన ఊరి పటం గీసి, నీలం రంగు వేసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాడు. ఈసారి నవ్వలేదు. “సార్, దీన్ని ఆటగా చెయ్యొచ్చు” అన్నాడు. చెయ్యమన్నాను.